బ్రేకు పడేది బండికి

సాయంత్రం ఆరున్నరకు రాయదుర్గంలో నాగోలు వైపు మెట్రో ఎక్కినవాళ్లలో ఎవరు తూలబోతున్నారో ముందే చెప్పేయొచ్చు. తలుపు వైపు తిరిగి, కాళ్లు కాస్త ఎడంగా పెట్టి నిలబడ్డవాళ్లు చాలావరకు నిలదొక్కుకుంటారు. రైలు పోయే దిక్కుకు ముఖం పెట్టి, రెండు పాదాలూ దగ్గరగా చేర్చి, ఒక చేత్తో ఫోను, రెండో చేత్తో లాప్‌టాప్ బ్యాగు పట్టుకున్నవాళ్లు మాత్రం తర్వాతి స్టేషన్ హైటెక్ సిటీ రాగానే ముందున్నవాళ్ల వీపు మీద వాలతారు. మొదటివాళ్ల పాదాలు పట్టాల వెంబడి ఒకటి ముందు, ఒకటి వెనక ఉన్నాయి. రెండోవాళ్లకు ఆ దిక్కున ఉన్న ఆధారం ఒక్క పాదం పొడవంతే.

డ్రైవరు బ్రేకు వేశాడని అందరం అంటాం. వేసింది చక్రానికి. చక్రం పెట్టెను ఆపింది, పెట్టె నేలను, నేల మీ చెప్పును, చెప్పు మీ పాదాన్ని ఆపాయి. నడుము దాకా ఆ కబురు చేరేసరికి కాస్త ఆలస్యం అవుతుంది, తల దాకా చేరేసరికి ఇంకాస్త. అప్పటిదాకా మీ తల రైలు ఇంతకుముందు పోతున్న వేగంతోనే పోతూ ఉంటుంది. దాన్ని ఎవరూ ముందుకు తోయలేదు. వెనక్కి లాగినవాళ్లూ ఎవరూ లేరు, అందుకే ఆగలేదు.

జడత్వం అంటే ఇదే. ఆగి ఉన్నది ఆగే ఉంటుంది, పోతున్నది అదే దిక్కున అదే వేగంతో పోతూనే ఉంటుంది, బయటి నుంచి ఒక బలం వచ్చి మార్చేదాకా. దీన్ని మొదటి గమన నియమంగా న్యూటన్ 1687లో అచ్చువేశాడు. అంతకుముందే గెలీలియో వాలు పలకల మీద గుండ్లు దొర్లించి ఈ సంగతి పట్టుకున్నాడు. అరిస్టాటిల్ కాలం నుంచి పెద్దలు నమ్మింది వేరు: తోస్తూ ఉంటేనే వస్తువు కదులుతుందని, తోయడం మానితే దానంతటదే ఆగిపోతుందని. బడిలో న్యూటన్‌కు మార్కులు తెచ్చుకున్న మనం కూడా కారు వెనక సీట్లో కూర్చున్నప్పుడు అరిస్టాటిల్ పక్షమే. వెనక కూర్చున్నవాడికి బెల్టు ఎందుకు అంటాం.

లెక్క వేసి చూద్దాం. మెట్రో గరిష్ఠ వేగం గంటకు 80 కిలోమీటర్లు, అంటే సెకనుకు 22 మీటర్లు. ప్రతి సెకనుకూ ఒక మీటరు చొప్పున వేగం తగ్గిస్తూ పోతే ఆగడానికి 22 సెకన్లు పడుతుంది. అంత తీరిగ్గా ఆగుతుంది కాబట్టి ఒక చెయ్యి కమ్మీ మీద ఉంటే చాలు. ఇప్పుడు కారు సంగతి. 50 కిలోమీటర్ల వేగంలో, అంటే సెకనుకు దాదాపు 14 మీటర్లు, ఫ్లైఓవర్ స్తంభానికి గుద్దుకుని సెకనులో పదో వంతులో ఆగిందనుకోండి. 60 కిలోల మనిషిని అంతే సమయంలో ఆపాలంటే దాదాపు 850 కిలోల బరువుకు సమానమైన బలం కావాలి. ఆ బలాన్ని ఏదో ఒకటి ఇవ్వక తప్పదు. బెల్టు ఉంటే ఛాతీ, తుంటి ఎముకల మీద పరిచి ఇస్తుంది. లేకపోతే ముందు సీటు, దాంట్లో కూర్చున్న మనిషి, లేదా అద్దం ఇస్తాయి. వెనక సీటు మీద పడేసిన మూడు కిలోల లాప్‌టాప్ బ్యాగు కూడా ఆ క్షణంలో 40 కిలోల బరువున్నట్టు ముందుకు వస్తుంది. బ్యాగును సీటు కింద, కాళ్ల దగ్గర పెట్టండి. సాంబారు గిన్నె విషయంలో ఈ జాగ్రత్త మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

2022 సెప్టెంబర్ 4న పాల్ఘర్ దగ్గర జరిగిన కారు ప్రమాదంలో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ మరణించినప్పుడు ఆయన వెనక సీట్లో ఉన్నారని, బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. ఆ తర్వాత కొన్ని వారాలపాటు దేశమంతా వెనక బెల్టు గురించి మాట్లాడింది. గచ్చిబౌలిలో క్యాబ్ ఎక్కి చూడండి, చాలా కార్లలో ఆ బెల్టు బకిల్ సీటు కవరు కింద ఎక్కడో పూడిపోయి ఉంటుంది. దాన్ని పైకి తీయించండి, డ్రైవరన్న విసుక్కున్నా సరే. బెల్టు లేకపోతే చట్టం ప్రకారం జరిమానా 1,000 రూపాయలు. నిజానికి డబ్బు లెక్క ఇక్కడ అసందర్భం.

హెల్మెట్ పని ఆగడానికి సమయం సంపాదించి పెట్టడం. పైనున్న గట్టి డొప్ప కంటే లోపలున్న థర్మోకోల్ లాంటి పొర ముఖ్యం. దెబ్బ తగిలినప్పుడు అది నలుగుతుంది. నలిగినంతసేపూ తల ఆగడానికి వ్యవధి దొరుకుతుంది. అందుకే ఒకసారి గట్టిగా దెబ్బతిన్న హెల్మెట్ పైకి బాగున్నట్టు కనిపించినా పారేయాలి. గడ్డం కింద పట్టీ బిగించకపోతే హెల్మెట్ ఒక దారిన, తల ఒక దారిన పోతాయి.

మలుపు దగ్గర జడత్వం ఇంకో రూపంలో కనిపిస్తుంది. 2019 నవంబర్ 4న బయోడైవర్సిటీ జంక్షన్ మీద రెండో అంతస్తు ఎత్తులో కొత్త ఫ్లైఓవర్ తెరిచారు. అదే నెల 23న వేగంగా వచ్చిన ఒక కారు ఆ మలుపులో గోడ దాటి కింద రోడ్డు మీద పడింది. కింద నిలబడి ఉన్న ఒక మహిళ చనిపోయారు. అక్కడ వేగ పరిమితి గంటకు 40 కిలోమీటర్లు, కారు దానికి రెట్టింపు కంటే ఎక్కువ వేగంతో వచ్చింది. ఫ్లైఓవర్ మూసేసి, జాగ్రత్తలు పెంచి, 2020 జనవరిలో మళ్లీ తెరిచారు.

కారును మలుపు బయటికి విసిరేసిందని అప్పట్లో చాలామంది అన్నారు. ఏదీ విసరలేదు. రోడ్డు తిరిగింది, కారు తిన్నగా పోయింది. కారును మలుపు వెంట లోపలికి లాగాల్సింది టైరుకూ రోడ్డుకూ మధ్య ఉన్న పట్టు. ఎంత పట్టు కావాలన్నది వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 40లో పోయే కారుకు కావలసినదానికి నాలుగు రెట్లు 80లో కావాలి, 100లో అయితే ఆరు రెట్లకు పైనే. టైరు ఇవ్వగలిగినదానికి ఒక హద్దు ఉంది, వాన పడితే ఆ హద్దు ఇంకా తగ్గుతుంది. ‘కొంచెం స్పీడుగా’ అనే మాటను రోడ్డు అర్థం చేసుకునే తీరు మనం అనుకునే తీరు కాదు. మలుపు మధ్యలో గట్టిగా బ్రేకు తొక్కితే ఉన్న పట్టునే రెండు పనులకు పంచినట్టు అవుతుంది, కాబట్టి తగ్గించేది మలుపుకు ముందే తగ్గించాలి.

కొండాపూర్, మాదాపూర్ గల్లీల్లో ఎండాకాలం తిరిగేవాళ్లకు నీళ్ల ట్యాంకర్ల గురించి కూడా చెప్పాలి. నిండు ట్యాంకరు కంటే సగం నిండిన ట్యాంకరు మొండిది. పదివేల లీటర్ల ట్యాంకరులో సగం నీళ్లుంటే లోపల అయిదు టన్నులు అటూఇటూ ఊగుతుంటాయి. డ్రైవరు బ్రేకు వేస్తే లారీ తగ్గుతుంది, నీళ్లు తగ్గవు. అవి ముందు గోడను కొట్టి లారీని ఇంకాస్త ముందుకు తోస్తాయి. పెట్రోలు ట్యాంకర్ల లోపల అడ్డు పలకలు పెట్టేది ఈ ఊపును విరగ్గొట్టడానికే. మన గల్లీలో పోతున్న ట్యాంకరు లోపల ఏముందో మనకు కనబడదు. దాని ముందు స్కూటీ దూర్చకండి. డ్రైవరు ఎంత మంచివాడైనా నీళ్లు అతని మాట వినవు.

ఇక ఆఫీసులోకి వద్దాం. హైటెక్ సిటీలో 1998 నవంబర్‌లో సైబర్ టవర్స్ మొదలైననాటి నుంచి కంపెనీలు ఎన్నో మారాయి గానీ కెఫెటేరియాలో క్యారమ్ బోర్డు ఇప్పటికీ చాలాచోట్ల కనిపిస్తుంది. జడత్వానికి అంతకంటే చవకైన ప్రయోగశాల లేదు. నిబంధనల ప్రకారం కాయిన్ బరువు 5 నుంచి 5.5 గ్రాములు, స్ట్రైకర్ 15 గ్రాములు మించకూడదు. మూడు రెట్ల బరువున్న స్ట్రైకర్ నేరుగా కాయిన్ నడిమధ్యకు తగిలితే, శక్తి ఏమీ వృథా కాదనుకుంటే, కాయిన్ స్ట్రైకర్ వచ్చిన వేగానికి ఒకటిన్నర రెట్ల వేగంతో పోతుంది. స్ట్రైకర్ సగం వేగంతో వెనకే వస్తుంది. అందుకే నేరుగా కొట్టినప్పుడు కాయిన్ వెంట స్ట్రైకర్ కూడా పాకెట్లో పడి ఫౌల్ అవుతుంటుంది. అదే ఒక కాయిన్ ఇంకో కాయిన్‌ను నేరుగా కొడితే, బరువులు సమానం కాబట్టి, వచ్చింది దాదాపు అక్కడే ఆగిపోయి రెండోది బయల్దేరుతుంది. పౌడరు చల్లేది రాపిడి ఈ ఆటను మధ్యలో చెడగొట్టకుండా.

బోర్డు ఖాళీగా ఉన్నప్పుడు ఇంకొకటి చేసి చూడండి. ఏడెనిమిది కాయిన్లను ఒకదాని మీద ఒకటి నిలువుగా పేర్చి, స్ట్రైకర్‌తో అడుగు కాయిన్‌ను చురుగ్గా కొట్టండి. అదొక్కటే ఎగిరిపోతుంది, మిగతా దొంతర నిట్టనిలువుగా ఒక మెట్టు కిందికి దిగి కూర్చుంటుంది. మళ్లీ పేర్చి, ఈసారి అడుగు కాయిన్‌ను వేలితో నెమ్మదిగా నెట్టండి. మొత్తం దొంతర కదిలి వస్తుంది. కాయిన్లు, వాటి మధ్య రాపిడి రెండుసార్లూ అవే. మొదటిసారి ఆ రాపిడికి పని చేయడానికి సమయం చాలలేదు. తాకితే తప్ప కదలిక చేతులు మారదు, తాకినా కొంతసేపు ఆనుకుని ఉంటేనే పైదాకా అందుతుంది.

ఇక్కడి నుంచి వ్యక్తిత్వ వికాసంలోకి దూకడం తేలిక. ఆ దూకుడు మీద నాకు అనుమానం ఉంది. మనిషి గుండు కాదు, న్యూటన్ నియమాలు మనసు కోసం రాసినవీ కావు. పైగా గుండుకు బరువు ఒక్కటే, మనిషికి ఈఎంఐ కూడా ఉంటుంది. అయినా ఆ కాయిన్ల దొంతర దగ్గర ఒక్కటి మాత్రం పనికొస్తుందనుకుంటాను.

జనవరి 1న మనం పెట్టుకునే తీర్మానాలు అడుగు కాయిన్‌ను కొట్టడం లాంటివే. రేపటి నుంచి అయిదింటికి లేస్తాను అంటాం. లేచే సమయం ఒక్కటే ఎగిరిపోతుంది. దాని మీద పేర్చి ఉన్న రాత్రి భోజనం వేళ, పిల్లల స్కూలు బస్సు, మేనేజరు కాల్, పడుకునే ముందు చూసే రీల్స్, అన్నీ ఉన్నచోటే దిగి కూర్చుంటాయి. నాలుగో రోజుకు నిద్ర చాలక పాత వేళకే లేస్తాం, సంకల్పబలం లేదని మనల్ని మనమే తిట్టుకుంటాం. లేచే వేళ కదలాలంటే భోజనం వేళా దాంతోపాటు కదలాలి. వారానికి పావుగంట చొప్పున రెండింటినీ జరపండి. చూడ్డానికి ఇందులో వీరత్వం ఏమీ ఉండదు, స్టేటస్ పెట్టుకోవడానికీ పనికిరాదు. చురుకు దెబ్బ పనికొచ్చే చోట్లూ ఉన్నాయి. ఫోనులో నోటిఫికేషన్లు ఆపేయడం, వాడని చందా రద్దు చేయడం లాంటివి ఒక్క దెబ్బతో చేసేయాలి, నెమ్మదిగా నెడితే వాటితోపాటు వంద సాకులు కదిలి వస్తాయి.

ఆగడం గురించి మన ఐటీ కారిడార్‌లో ప్రత్యేకంగా చెప్పుకోవాలి. జడత్వం అనగానే మంచం దిగనివాళ్లే గుర్తొస్తారు. నా లెక్కలో ఇక్కడి అసలు బాధితులు ఆగలేనివాళ్లు. వేసవిలో మన రాత్రి 9 గంటలంటే కాలిఫోర్నియాలో ఉదయం ఎనిమిదిన్నర. అక్కడివాళ్లు అప్పుడే కాఫీ తాగి వేగం అందుకుంటారు. వేగం తగ్గించాల్సిన వేళలో మీరు వాళ్ల వేగానికి తగులుకుంటారు. పదింబావుకు కాల్ అయిపోతుంది, లాప్‌టాప్ మూస్తారు, పదిన్నరకు పడుకుంటారు, పన్నెండున్నర దాకా పైకప్పు చూస్తారు. బ్రేకు పడింది లాప్‌టాప్‌కు. మీకు పడలేదు.

కాబట్టి ఆగే దూరాన్ని ముందే లెక్కలోకి తీసుకోండి. పదింబావుకు ముగిసే కాల్‌లో పది తర్వాత కొత్త విషయం ఎత్తనివ్వకండి. ‘ఇది రేపు మెయిల్‌లో రాస్తాను’ అనడం మర్యాదే. మంచం మీద కూర్చుని కాల్ తీసుకోవద్దు. కాల్ అయ్యాక అరగంట అయినా పక్క మీదికి వెళ్లకండి. గిన్నెలు కడగండి, సెల్లార్ దాకా దిగి చెత్త వేసి రండి, ఏదైనా సరే, ఇంకో తెర మాత్రం వద్దు. మెట్రో రైలు ఆగేటప్పుడు దాని మోటార్లు జనరేటర్లలా తిరుగుతాయి, రైలు వేగం కరెంటుగా మారి తీగలోకి తిరిగి వెళ్తుంది, దాన్ని ఇంకో రైలు వాడుకుంటుంది. మన దగ్గర అలాంటి ఏర్పాటు ఒకటే ఉంది, కాగితం. ఎక్కడ ఆపారో, రేపు మొట్టమొదట ఏ ఫైలు తెరవాలో, ఎవరిని ఏం అడగాలో మూడు ముక్కల్లో రాసి లేవండి. పొద్దున్నే ఆ కాగితం అరగంట ఆదా చేస్తుంది. రాత్రి అది ఇంకా ఎక్కువ పని చేస్తుందని నా నమ్మకం, బుర్రలో మోస్తున్నది దించుకోవడానికి ఒక చోటు దొరుకుతుంది కాబట్టి.

మొదలుపెట్టడానికి వస్తే, మనం తాకకుండానే తోశామనుకుంటాం. అమీర్‌పేటలో క్లౌడ్ కోర్సుకు ఫీజు కట్టడం తాకడం కాదు. డబ్బు కదిలింది, మీరు కదల్లేదు. షూస్ కొనడం పరుగు కాదు, ఉద్యోగం మారాలని స్నేహితుడితో రెండు గంటలు టీ తాగుతూ మాట్లాడటం రెజ్యూమే రాయడం కాదు. తాకడమంటే ఫైలు తెరిచి ఒక లైను మార్చడం, కోడ్‌ను ఒకసారి నడిపి అది ఇచ్చే ఎర్రర్‌ను చదవడం. ఆగి ఉన్న వస్తువును కదిలించడానికి కావలసిన బలం, కదులుతున్నదాన్ని కదుపుతూ ఉండటానికి కావలసినదానికంటే ఎక్కువ. చెడిపోయిన కారును తోసినవాళ్లందరికీ భుజాలకు తెలిసిన సంగతి. కాబట్టి ఆ పూట పని ఎంత అయిందని చూడకండి, చెయ్యి ఆనిందా అని చూడండి. రోజూ ఇరవై నిమిషాలు ఆనడం ఆదివారం ఆరు గంటలు కూర్చోవడం కంటే మేలు, ఆరు రోజుల ఖాళీలో బండి మళ్లీ పూర్తిగా ఆగిపోతుంది.

ఒకరి కదలిక ఇంకొకరికి అందడం చూడాలంటే ఈ ఊళ్లో అందరికీ తెలిసిన దృశ్యం ఒకటుంది. మైండ్‌స్పేస్ దగ్గరో కొత్తగూడ దగ్గరో బైకులో పెట్రోలు అయిపోయి ఒకడు తోసుకుంటూ పోతుంటాడు. ముక్కూ ముఖం తెలియనివాడు పక్కన ఆగి ‘అన్నా, కూర్చో, తోస్తా’ అంటాడు. ఒక కాలు చాచి ముందు బండి వెనక ఫుట్‌రెస్ట్‌కు ఆనించి, తన బండిని మెల్లగా ముందుకు పోనిస్తాడు. రెండు బండ్లూ ఒకే వేగంతో బంకు వైపు సాగుతాయి. ఇది చట్టం మెచ్చే పని కాదు, ఫ్లైఓవర్ మీదా ట్రాఫిక్ మధ్యలోనూ అసలు చేయకూడదు. ఎడమ పక్కన తోసుకుంటూ పోవడమే క్షేమం. కానీ ఎప్పుడైనా చూస్తే రెండు సంగతులు గమనించండి. తోసేవాడు దూరం నుంచి వచ్చి కాలితో కొట్టడు. ముందు దగ్గరగా చేరతాడు, ఆనిస్తాడు, ఆ తర్వాతే యాక్సిలరేటర్ తిప్పుతాడు. అలా కాకుండా తగిలిస్తే ముందువాడు పడతాడు. రెండోది, తోసే ముందు ‘న్యూట్రల్‌లో ఉందా?’ అని అడుగుతాడు. గేరులో ఉంటే తోసినదంతా ఇంజన్ మింగేస్తుంది.

టీమ్‌లో వెనకబడ్డవాళ్లను లీడ్‌లు తోసే తీరు చాలాసార్లు దీనికి విరుద్ధంగా ఉంటుంది. మూడు వారాలు పలకరించకుండా ఉండి రివ్యూ రోజున ఒక్క దెబ్బ కొడతారు. ఆ దెబ్బకు అడుగు కాయిన్ ఎగిరినట్టు ఆ వారం పని ఒకటి ఎగురుతుంది, అలవాటు అక్కడే ఉంటుంది. దానికి బదులు రోజూ పది నిమిషాలు పక్కన కూర్చోండి. ముందుగా గేరు సంగతి అడగండి: ‘ఏమ్మా, నీ చేతిలో ఇంకేం పనులున్నాయి?’ మీకు చెప్పకుండా ఇంకో మేనేజరు అప్పజెప్పిన సపోర్ట్ టికెట్లు ఇరవై బయటపడవచ్చు. వాటిని తప్పించకుండా ఎంత తోసినా మీ కాలే నొప్పెడుతుంది.

బంకు ఇంకా కాస్త దూరంలో ఉండగానే తోసేవాడు కాలు తీసేస్తాడు. ముందు బండికి అప్పటికే ఉన్న వేగం చాలు, మిగతా దూరం అదే పోతుంది. చివరిదాకా ఆనించి ఉంచితే ముందువాడు బ్రేకు వేయగానే ఇద్దరూ పడతారు. తీసే ముందు ‘వదిలేస్తున్నా’ అని గట్టిగా అరుస్తాడు. కొత్తగా చేరినవాళ్లకు మీరు పని నేర్పుతుంటే, ఏ రోజు నుంచి పక్కన కూర్చోరో మొదటి వారంలోనే చెప్పండి. ఆ రోజు ప్రొడక్షన్ డిప్లాయ్‌మెంట్ లేకుండా క్యాలెండర్ చూసుకోండి.